ధ్వని లెక్కలు చేయడం ఎలా: ముందు దారి, తర్వాతే సూత్రం

మీ ముందు ధ్వని లెక్క ఒకటి ఉంది, చేతిలో కలం ఉంది. మొదట చేయకూడని పని చెబుతాను. సూత్రం కోసం వెతకవద్దు. ధ్వని పాఠంలో సూత్రాలు అన్నేమీ లేవు. ఉన్నవాటిలో సగం, వేగాన్ని కాలంతో గుణిస్తే దూరం వస్తుందన్న చిన్న తరగతి మాటకు తొడిగిన కొత్త చొక్కాలే. పిల్లలు తప్పేది సూత్రం దగ్గర కాదు. శబ్దం ఎక్కడ బయలుదేరింది, ఎటు పోయింది, ఎన్నిసార్లు వెనక్కి తిరిగింది, గడియారం ఎప్పుడు మొదలైంది అన్నవి చూసుకోకుండా అంకెలను సూత్రంలో కుమ్మరించడం దగ్గర తప్పుతారు.

కోనసీమలో మా ఇంటి అరుగు మీద సాయంత్రాలు తొమ్మిది, పది, ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పడం నాకు అలవాటు. అందుకే ఇక్కడి ఉదాహరణలన్నీ మన ఏటి గట్లవి. పాఠ్యపుస్తకం మనల్ని ఎప్పుడు చూసినా రెండు కొండల మధ్య నిలబెట్టి చప్పట్లు కొట్టమంటుంది. గోదావరి డెల్టాలో కొండ ఎక్కడుంది? ధవళేశ్వరం దాటి కిందికి వస్తే సముద్రం దాకా వరిచేలు, కొబ్బరితోటలు, లంకలు. అంతా బల్లపరుపు. ఎన్నడూ వినని ప్రతిధ్వని మీద లెక్క చేయమంటే పిల్లవాడికి చిత్రం ఎలా కడుతుంది?

మొదటి పని: దారి గీయండి

ఏటి పాయకు అవతలి గట్టున చాకిరేవు ఉందనుకోండి. ఒక మనిషి బట్టను ఎత్తి బండకేసి కొడుతున్నాడు. బట్ట బండకు తగలడం మీకు కనిపించింది. చప్పుడు మాత్రం 0.6 సెకన్ల తర్వాత వినిపించింది. రేవు ఎంత దూరం?

కాగితం మీద రెండు చుక్కలు పెట్టండి. ఒకటి బండ, రెండోది మీరు. బండ నుంచి మీ దాకా బాణం గీయండి. బాణం మీద రెండు సంగతులు రాయండి: శబ్దం ఏ యానకంలో వస్తోంది, ఎంత సేపు పట్టింది. ఇక్కడ గాలి, 0.6 సెకన్లు. ఈ బొమ్మ గీయడానికి అర నిమిషం చాలు. ఆ అర నిమిషం దండగ అనుకునేవారే తర్వాత పది నిమిషాలు కొట్టివేతలతో గడుపుతారు.

ఇప్పుడు గడియారం సంగతి. మీరు కాలం లెక్కపెట్టడం మొదలుపెట్టింది బట్ట తగలడం చూసినప్పుడు. ఆ దృశ్యం కూడా కాంతిగా ప్రయాణం చేసి మీ కంటికి చేరింది కదా? నిజమే. కానీ కాంతి సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. 200 మీటర్లకు దానికి సెకనులో పది లక్షల వంతు కూడా పట్టదు. దాన్ని వదిలేయవచ్చు. అయితే వదిలేస్తున్నామని ఒక ముక్క రాయండి. దిద్దేవారికి మీరు ఆలోచించారని తెలుస్తుంది.

గాలి 30 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటే శబ్ద వేగం సెకనుకు సుమారు 349 మీటర్లు. ఎలా వచ్చిందో కిందనే చెబుతాను. దూరం = 349 × 0.6 = 209.4 మీటర్లు.

209.4 అని గర్వంగా రాసి గీత కొట్టకండి. కాలం 0.6 అన్నారు, అంటే ఒక్క అంకె. చేతి గడియారం మీట నొక్కడంలో పదో వంతు సెకను అటూ ఇటూ అయినా దూరంలో 35 మీటర్లు తేడా వస్తుంది. కాబట్టి "సుమారు 210 మీటర్లు" అనడమే నిజాయితీ గల జవాబు. కాలిక్యులేటర్ చూపిన ఎనిమిది అంకెలూ దించి రాసేవారిని చూస్తే, బియ్యం కుంచంతో కొలిచి గింజలు లెక్క చెప్పినట్టు ఉంటుంది నాకు.

రెండో పని: వేగం ఎంచుకోండి

లెక్కలో వేగం ఇస్తే మారు మాట లేకుండా అదే వాడండి. ఒక పుస్తకం 340 అంటుంది, మరొకటి 343, ఇంకొకటి 344. ఇవేవీ తప్పు కాదు. ఒక్కో పుస్తకం ఒక్కో ఉష్ణోగ్రత దగ్గర కొలిచిన విలువ తీసుకుంది, అంతే. ఉష్ణోగ్రత ఇచ్చి వేగం ఇవ్వకపోతే ఇలా చేయండి: సున్నా డిగ్రీల దగ్గర 331. ప్రతి డిగ్రీకి 0.6 చొప్పున కలపండి. 20 డిగ్రీలకు 343, 30 డిగ్రీలకు 349, మండు వేసవి మధ్యాహ్నం 40 డిగ్రీలకు 355. సంక్రాంతి నాటి తెల్లవారుజాముకూ మే నెల మధ్యాహ్నానికీ అవతలి గట్టు చప్పుడు మనల్ని చేరే కాలంలో తేడా ఉంటుందన్న మాట. చెవికి తెలిసేంత కాదు, లెక్కకు తెలిసేంత.

ఏమీ ఇవ్వకపోతే 20 డిగ్రీలు అనుకుని 343 తీసుకోండి. అనుకున్నానని రాయండి. ఈ వ్యాసంలో నేను మాత్రం 349 వాడతాను. మన ఊళ్లలో 20 డిగ్రీలు ఏడాదిలో ఎన్ని రోజులు?

మా పిల్లల్లో ఒకరు అడిగారు: మన దగ్గర ఉక్కపోత ఎక్కువ కదా, తేమ నిండిన గాలి బరువెక్కి శబ్దం నెమ్మదిస్తుందా? ప్రశ్న మంచిదే కానీ ఊహ తలకిందులు. నీటి అణువు బరువు 18, నత్రజని అణువు బరువు 28. కాబట్టి తేమ గాలి పొడి గాలి కంటే తేలిక. శబ్దం అందులో కాస్త వేగంగానే పోతుంది. ఆ తేడా ఒక శాతం కూడా ఉండదు, లెక్కల్లో పట్టించుకోనక్కరలేదు.

యానకం గాలి కాకపోతే జాగ్రత్త. నీటిలో శబ్ద వేగం సెకనుకు సుమారు 1500 మీటర్లు, ఉక్కు కడ్డీలో సుమారు 5000. "నీరు చిక్కన కాబట్టి వేగం ఎక్కువ" అని చాలామంది రాస్తారు. అది తప్పు కారణం. సాంద్రత ఒక్కటే పెరిగితే వేగం తగ్గుతుంది. నీటిని, ఉక్కును నొక్కడం గాలిని నొక్కడం కంటే చాలా కష్టం. ఆ బిగువు సాంద్రతను మించిపోయి వేగాన్ని పెంచుతుంది.

నీటిలో వేగాన్ని కొలిచిన కథ పడవల మీద తిరిగే మన ప్రాంతం వారికి నచ్చాలి. 1826లో జెనీవా సరస్సు మీద కొలాడన్ అనే ఆయన రెండు పడవలను 13 కిలోమీటర్లకు పైగా దూరంలో నిలిపాడు. ఒక పడవ కింద నీటిలో గంట కొట్టడం, అదే క్షణంలో పైన తుపాకి మందు వెలిగించడం. రెండో పడవలో మనిషి నీటిలోకి పొడవాటి గొట్టం దించి చెవి పెట్టి, మెరుపు చూసిన క్షణం నుంచి గంట వినిపించే దాకా లెక్కపెట్టడం. వచ్చిన విలువ సెకనుకు 1435 మీటర్లు. నీరు 8 డిగ్రీల చలిలో ఉంది కాబట్టి మన 1500 కంటే తక్కువ. ఆయన చేసిందీ మన చాకిరేవు లెక్కే. బండ బదులు గంట, గాలి బదులు నీరు.

మూడో పని: ఎన్నిసార్లు నడిచిందో లెక్కపెట్టండి

ప్రతిధ్వని లెక్కల్లో మార్కులు పోయేది ఇక్కడే. ఇంటర్లో నేనూ పోగొట్టుకున్నాను. సూత్రం కంఠతా వచ్చు, రెండుతో భాగించడం మరిచాను. దారి గీసి ఉంటే మరిచేవాడిని కాదు. బాణం గోడ దాకా ఒకటి, గోడ నుంచి వెనక్కి ఒకటి. రెండు బాణాలు కళ్ల ముందు ఉంటే రెండు గుర్తుపెట్టుకోనక్కరలేదు.

అంతర్వేది దగ్గర సముద్రంలో ఒక మరపడవ నుంచి నీటి అడుగుకు పంపిన అతిధ్వని (మన చెవికి అందనంత సన్నని శబ్దం) 0.08 సెకన్లలో తిరిగి వచ్చింది. లోతు ఎంత? యానకం సముద్రపు నీరు, వేగం 1500. నడిచిన మొత్తం దారి 1500 × 0.08 = 120 మీటర్లు. బాణాలు రెండు. లోతు 60 మీటర్లు. ఇదే లెక్కలో అలవాటు కొద్దీ 349 వేస్తే లోతు 14 మీటర్లని వస్తుంది. ఆ జవాబు నమ్మి వల వదిలిన వారి సంగతి దేవుడెరుగు.

ఇప్పుడు పాఠ్యపుస్తకం వారి రెండు కొండలు. మన డెల్టాలో లేవు కాబట్టి పోలవరం దాటి పాపికొండల దాకా లాంచీ ఎక్కుదాం. లాంచీ రెండు కొండల మధ్య ఆగి హారన్ మోగించింది. మొదటి ప్రతిధ్వని 0.8 సెకన్లకు, రెండోది 1.2 సెకన్లకు వచ్చింది. కొండల మధ్య దూరం? బాణాలు గీయండి: ఎడమ కొండకు వెళ్లి రావడం, కుడి కొండకు వెళ్లి రావడం. దగ్గరి కొండ 349 × 0.8 ÷ 2 = 139.6, దూరపు కొండ 349 × 1.2 ÷ 2 = 209.4. మొత్తం 349 మీటర్లు. రెండు కాలాలూ కలిపితే 2 సెకన్లు, దానిలో సగం 1 సెకను, కాబట్టి దూరం సరిగ్గా 349 అని ఒక్క వరుసలోనూ చేయవచ్చు. మొదటిసారి మాత్రం రెండు ముక్కలుగానే చేయండి.

ఆగి ఉన్న లాంచీ లెక్క అందరూ చేస్తారు. కదులుతున్నప్పుడు చూడండి. లాంచీ సెకనుకు 5 మీటర్ల వేగంతో ఒక నిలువు గోడ వైపు పోతోంది. హారన్ మోగించిన 2 సెకన్లకు ప్రతిధ్వని వినిపించింది. గోడ ఎంత దూరంలో ఉంది?

ఎప్పటి దూరం? హారన్ మోగించినప్పటిదా, విన్నప్పటిదా? లెక్క దాన్ని చెప్పి తీరాలి. చెప్పకపోతే మీరే రెండూ రాయండి. మోగించినప్పటి దూరాన్ని "దూ" అందాం. శబ్దం గోడ దాకా దూ మీటర్లు పోయింది. తిరిగి వచ్చేసరికి లాంచీ 10 మీటర్లు ముందుకు వచ్చేసింది కాబట్టి వెనుదిరిగిన బాణం పొట్టిది, దూ తీసివేత 10. మొత్తం దారి, 349 × 2 = 698. అంటే రెండు దూలలోంచి 10 తీస్తే 698. దూ = 354 మీటర్లు. విన్నప్పుడు దూరం 344. ఇక్కడ పనికొచ్చిన కొత్త సూత్రం ఒక్కటీ లేదు. ఒక బాణం మరో బాణం కంటే పొట్టిగా గీయడం తెలిస్తే చాలు.

ప్రతిధ్వని విడిగా వినిపించాలంటే కనీసం 17 మీటర్లు ఉండాలని బట్టీ పడతారు. అసలు సంగతి 17 కాదు, పదో వంతు సెకను. చెవిలో ఒక చప్పుడు అంత సేపు నిలిచి ఉంటుంది. ఆ లోపల వచ్చిన రెండో చప్పుడు మొదటిదానిలో కలిసిపోతుంది. 0.1 సెకనులో శబ్దం 34.9 మీటర్లు పోతుంది, వెళ్లి రావాలి కాబట్టి 17.45. మన ఊళ్లో వినాలంటే తుపాను షెల్టర్ గోడకో, రైసు మిల్లు గోడకో ఎదురుగా 30, 40 మీటర్లు వెనక్కి నిలబడి, చుట్టూ సందడి లేని వేళ గట్టిగా ఒక్క చప్పట్టు కొట్టండి.

నాలుగో పని: రెండు ప్రయాణాలుంటే రెండు గీతలు

కొన్ని లెక్కల్లో శబ్దం ఒక్కటే ప్రయాణించదు. బావిలో రాయి వేశారు, చప్పుడు ఇంతసేపటికి వినిపించింది, లోతు ఎంత అంటారు. మన బావుల్లో నీళ్లు చేతికి అందేంత దగ్గర. అందుకే ఎత్తయిన వంతెన అనుకోండి. లెక్క కాగితం మీదే చేయండి, కింద పడవలు తిరుగుతుంటాయి.

వంతెన మీద నుంచి రాయి వదిలిన 2.06 సెకన్లకు నీటి చప్పుడు వినిపించింది. ఎత్తు? మొదటి గీత కిందికి: రాయి పడటం. రెండో గీత పైకి: శబ్దం రావడం. రెండు కాలాలూ కలిస్తే 2.06. వర్గ సమీకరణం రాసి చేయవచ్చు. నేను పిల్లలకు చెప్పే దారి వేరు. శబ్దానికి పట్టిన కాలాన్ని ముందు సున్నా అనుకోండి. రాయి 2.06 సెకన్లు పడితే ఎత్తు, భూమ్యాకర్షణ త్వరణం 9.8లో సగం × 2.06 × 2.06 = 20.8 మీటర్లు. అంత దూరం శబ్దం రావడానికి 20.8 ÷ 349 = 0.06 సెకను. కాబట్టి రాయి నిజంగా పడింది 2.00 సెకన్లే. మళ్లీ చేస్తే ఎత్తు 19.6 మీటర్లు. ఇంకోసారి తిప్పితే 19.7 అవుతుంది, అంతకు మించి కదలదు. సమీకరణం భయపెట్టినప్పుడల్లా ఈ దిద్దుకుంటూ పోయే పద్ధతి పనికొస్తుంది. పైగా శబ్దం వాటా ఎంత చిన్నదో కూడా చూపిస్తుంది.

ఇనుప గొట్టం లెక్కదీ ఇదే తీరు. పొడవాటి గొట్టం ఒక కొసను సుత్తితో కొడితే అవతలి కొసన రెండు చప్పుళ్లు వినిపిస్తాయి. ఉక్కులో వచ్చింది ముందు, గాలిలో వచ్చింది వెనక. మధ్య ఎడం 1 సెకను అయితే గొట్టం పొడవు? ఒక్క మీటరుకు గాలిలో 1 ÷ 349 = 0.002865 సెకను, ఉక్కులో 1 ÷ 5000 = 0.0002 సెకను. మీటరుకు తేడా 0.002665. మొత్తం తేడా 1 సెకను కావాలంటే 1 ÷ 0.002665, సుమారు 375 మీటర్లు. "ఒక్క మీటరుకు ఎంత తేడా" అని అడగడం మన సంతలో బేరం లాంటిది, ఎవరికైనా వస్తుంది.

పౌనఃపున్యం, తరంగదైర్ఘ్యం

సెకనుకు ఎన్ని కంపనాలో అది పౌనఃపున్యం, దాన్ని హెర్ట్జ్‌లలో చెబుతాం. ఒక్క అల పొడవు తరంగదైర్ఘ్యం. వేగం = పౌనఃపున్యం × తరంగదైర్ఘ్యం. ఇక్కడ గుర్తుంచుకోవలసింది ఒక్కటే. యానకం మారితే వేగం, తరంగదైర్ఘ్యం మారతాయి కానీ పౌనఃపున్యం మారదు. సెకనుకు ఎన్ని కంపనాలన్నది మోగించే వస్తువు నిర్ణయిస్తుంది.

మన దోమలతో ఒక లెక్క. చెవి దగ్గర దోమ రొద 500 హెర్ట్జ్ అనుకుందాం. తరంగదైర్ఘ్యం 349 ÷ 500, సుమారు 0.7 మీటరు. అంత చిన్న దోమ చేసే అల మన చేయంత పొడవు! అదే రొద నీటిలోకి పోతే 1500 ÷ 500 = 3 మీటర్లు. హెర్ట్జ్ మాత్రం 500 దగ్గరే ఉంది.

ఎఫ్‌ఎమ్ రేడియో 100 మెగాహెర్ట్జ్, తరంగదైర్ఘ్యం కనుక్కోండి అని అడిగితే 349 వేయకండి. గాలిలో వచ్చేది పాట కాదు, రేడియో తరంగం. దాని వేగం కాంతి వేగమే. జవాబు 3 మీటర్లు. శబ్దం మీ రేడియో పెట్టెలో పుడుతుంది.

గాలి స్తంభం: బిందె చెప్పే పాఠం

కుళాయి కింద బిందె పెట్టి అవతలి గదిలోకి వెళ్లినా, నిండబోతోందని మీ అమ్మగారికి ఎలా తెలుస్తుంది? నీళ్లు పెరిగేకొద్దీ లోపలి గాలి స్తంభం పొట్టిదవుతుంది, స్వరం సన్నబడుతుంది. ప్రయోగశాలలోని అనునాద గొట్టం ఈ బిందెకు గాజు చుట్టం.

బయటి స్వరానికి గొట్టంలోని గాలి కూడా తోడై గట్టిగా మోగడమే అనునాదం. ఒక కొస మూసిన గొట్టంలో మొదటి అనునాదం వచ్చేటప్పుడు గాలి స్తంభం పొడవు తరంగదైర్ఘ్యంలో నాలుగో వంతు. ఇక్కడా బొమ్మే గీయండి. నీటి దగ్గర గాలి కదలలేదు, మూతి దగ్గర బాగా కదులుతుంది. కదలని చోటు నుంచి గరిష్ఠంగా కదిలే చోటుకు ఎప్పుడూ పావు అలే. రెండు కొసలూ తెరిచి ఉంటే అర అల.

512 హెర్ట్జ్ శ్రుతిదండంతో (కొడితే ఒకే స్వరం పలికే కవల కొమ్ముల కడ్డీతో) మొదటి అనునాదం 16.0 సెంటీమీటర్ల దగ్గర, రెండోది 50.1 దగ్గర వచ్చింది. వేగం ఎంత? మొదటిదాన్ని మాత్రమే నమ్మితే 4 × 0.16 × 512, సుమారు 328 వస్తుంది. 30 డిగ్రీల గదిలో ఇది తక్కువ. తప్పు మీది కాదు. గాలి కంపనం గొట్టం మూతి దగ్గర ఖచ్చితంగా ఆగదు, గొట్టం వ్యాసంలో సుమారు 0.3 వంతు బయటికి పొంగుతుంది. వ్యాసం 3.5 సెంటీమీటర్లయితే ఆ పొంగు ఒక సెంటీమీటరుకు కాస్త ఎక్కువ. రెండు కొలతలను ఒకదానిలోంచి ఒకటి తీసివేస్తే ఆ పొంగు తనంతట తానే పోతుంది. 50.1 − 16.0 = 34.1 సెంటీమీటర్లు, ఇది అర అల. వేగం 2 × 0.341 × 512 = 349. ప్రయోగ పరీక్షలో రెండో అనునాదం వెతకడానికి బద్ధకించేవారు చాలామంది. ఆ రెండో కొలతే ఇక్కడ ప్రాణం.

దగ్గర దగ్గర స్వరాలు రెండు కలిసి మోగితే శబ్దం హెచ్చుతూ తగ్గుతూ వినిపిస్తుంది, అవే విస్పందనాలు. వాటి లెక్క చిన్నది. రెండు పౌనఃపున్యాల తేడాయే సెకనుకు విస్పందనాల సంఖ్య. 256 హెర్ట్జ్ శ్రుతిదండంతో తెలియనిదాన్ని కలిపి మోగిస్తే 4 వచ్చాయి, కాబట్టి తెలియనిది 252 గానీ 260 గానీ. దానికి కాస్త మైనం అంటిస్తే 2 కు తగ్గాయి. మైనం పౌనఃపున్యాన్ని తగ్గిస్తుంది. 252 తగ్గితే తేడా పెరగాలి. తగ్గింది కాబట్టి 260.

డాప్లర్: గుర్తు ఎటు పెట్టాలి

మోగే వస్తువో వినేవారో కదులుతుంటే వినిపించే పౌనఃపున్యం మారడమే డాప్లర్ ప్రభావం. ఇక్కడ ఇంటర్ పిల్లలను ఏడిపించేది సూత్రంలోని కూడికలు, తీసివేతలు. నా మాట వినండి, గుర్తులు బట్టీ పట్టకండి. ముందు కాగితం మీద రాయండి: దగ్గరవుతుంటే హెచ్చు, దూరమవుతుంటే తగ్గు. ఆ తర్వాత జవాబు అలా వచ్చేలా గుర్తు పెట్టండి. మోగే వస్తువు కదిలితే దాని వేగం హారంలోకి వెళ్తుంది, వినేవారు కదిలితే లవంలోకి.

రావులపాలెం దగ్గర జాతీయ రహదారి పక్కన మీరు నిలబడ్డారు. లారీ గంటకు 72 కిలోమీటర్ల వేగంతో 400 హెర్ట్జ్ హారన్ మోగిస్తూ వస్తోంది. మొదట 72 ను 18తో భాగించి 5తో గుణించండి: సెకనుకు 20 మీటర్లు. ఇది మరిచి 72 నే దించేసేవారి సంఖ్య ఏటా తగ్గడం లేదు. వచ్చేటప్పుడు హెచ్చు కావాలి, కాబట్టి హారం చిన్నది కావాలి: 400 × 349 ÷ 329, సుమారు 424. దాటి పోయాక తగ్గు: 400 × 349 ÷ 369, సుమారు 378.

లారీ దగ్గరకు వచ్చేకొద్దీ స్వరం పెరుగుతూ పోతుందని చాలామంది నమ్మకం. మీ మీదికే తిన్నగా, ఒకే వేగంతో వస్తున్నంత సేపూ 424 దగ్గరే ఉంటుంది. పెరిగేది బిగ్గరతనం. రోడ్డు పక్కన నిలబడితే దాటే క్షణంలో స్వరం జారుతుంది. డాప్లర్ ఈ మాట 1842లో చెప్పాడు. 1845లో నెదర్లాండ్స్‌లో రైలు మీద బాకాలు ఊదేవారిని ఎక్కించి, పట్టాల పక్కన స్వరజ్ఞానం ఉన్నవారిని నిలబెట్టి పరీక్షించారు. మన ఊరి నాదస్వర విద్వాంసులను పంటు ఎక్కించి నరసాపురం రేవులో వింటే? పంటు నడక సెకనుకు 3 మీటర్లనుకుంటే 400 హెర్ట్జ్ స్వరం 403.5 దగ్గర ఉంటుంది. అంత చిన్న తేడా పట్టే చెవి ఉన్నవారు రేవులో ఉంటే వారికి నమస్కారం.

డెసిబెల్ కూడికలు వేరు

పెళ్లి పందిరిలో ఒక మైకు మీ దగ్గర 80 డెసిబెల్ శబ్దం చేస్తోంది. అలాంటిదే రెండోది పెడితే 160 కాదు, 83. డెసిబెల్ అంటే గుణకారాన్ని కూడికగా రాసే పద్ధతి. తీవ్రత రెట్టింపైతే 3 కలుస్తుంది, పది రెట్లయితే 10, వంద రెట్లయితే 20. పది మైకులు పెడితే 90.

దూరంతో తగ్గేదీ ఇలాగే. బయలు ప్రదేశంలో దూరం రెట్టింపైతే తీవ్రత నాలుగో వంతు, అంటే 6 డెసిబెల్ తగ్గుతుంది. పది రెట్లు దూరం పోతే 20. మన దేశంలో 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45 డెసిబెల్ హద్దు. ఒక మీటరు దూరంలో 100 డెసిబెల్ ఉన్న మైకు శబ్దం 45 కు దిగాలంటే ఎంత దూరం పోవాలి? తగ్గవలసింది 55. అందులో 40 కి వంద రెట్లు దూరం. మిగిలిన 15 కి ఐదున్నర రెట్లకు కాస్త పైన, 5.62. మొత్తం 562 మీటర్లు. చెట్లు, ఇళ్లు, గాలి మింగేదాన్ని ఇందులో లెక్కపెట్టలేదు. పరీక్షలు దగ్గరపడ్డ రోజుల్లో ఈ లెక్కను మా పిల్లలు ఎంత శ్రద్ధగా చేస్తారో చెప్పలేను.

జవాబు వచ్చాక

గీత కొట్టే ముందు జవాబును ఊళ్లోకి తీసుకెళ్లి నిలబెట్టండి. మనిషి వినే హద్దులు 20 నుంచి 20,000 హెర్ట్జ్. గాలిలో వాటి తరంగదైర్ఘ్యాలు సుమారు 17 మీటర్ల నుంచి 17 మిల్లీమీటర్ల దాకా. మీ నాదస్వరం తరంగదైర్ఘ్యం 200 మీటర్లని వస్తే ఎక్కడో భాగించవలసిన చోట గుణించారు. శబ్దం కిలోమీటరు పోవడానికి దాదాపు 3 సెకన్లు. మెరుపు చూసిన 6 సెకన్లకు ఉరుము వినిపిస్తే పిడుగు 2 కిలోమీటర్ల దూరంలో పడింది. 20 కిలోమీటర్లని వస్తే దశాంశ బిందువు జారింది. ఈ ఒక్క లెక్క మాత్రం కలం లేకుండా చేయడం నేర్చుకోండి. 30 సెకన్ల లోపు ఉరుము వినిపించిందంటే పది కిలోమీటర్ల లోపలే ఉందన్నమాట. చేలో ఉంటే కొబ్బరిచెట్టు కిందికి కాదు, పక్కా ఇంట్లోకి నడవండి.

మీకు ఒక లెక్క వదిలి వెళ్తాను. మళ్లీ అదే చాకిరేవు. ఆ మనిషి సరిగ్గా సెకనుకు ఒక దెబ్బ చొప్పున కొడుతున్నాడు. మీకు బట్ట తగలడం కనిపించడం, చప్పుడు వినిపించడం ఒకే క్షణంలో జరుగుతున్నాయి. మీరు ఎంత దూరంలో ఉన్నారు? 349 మీటర్లని ఒక్క జవాబు రాసినవారు మళ్లీ గట్టు మీదికి వెళ్లి దారి గీయండి. 698 కావచ్చు, 1047 కావచ్చు, బండ పక్కనే నిలబడి ఉండనూ వచ్చు. ఏదో తేల్చుకోవాలంటే ఆయన ఉతకడం ఆపే దాకా ఆగండి. ఆఖరి దెబ్బ కంటికి కనిపించిన తర్వాత ఇంకా ఎన్ని చప్పుళ్లు వినిపించాయో లెక్కపెట్టి, 349తో గుణించండి.